ఈసీఎన్ఎల్ ఆఫర్ వచ్చింది, గ్రౌండ్ 28 మైళ్లు. పంపాలా, దగ్గరి టీమ్‌లోనే ఉంచాలా?

మెకిన్నీ_నాన్న (డాలస్ ఏరియా) · శనివారం రాత్రి

అందరికీ నమస్తే. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా అమ్మాయి ఆరో తరగతి పూర్తి చేస్తోంది. 2013 అక్టోబర్‌లో పుట్టింది. సాకర్‌లో లెఫ్ట్ వింగ్ (ఎడమ పక్క నుంచి దాడి చేసే చోటు) ఆడుతుంది, పరుగు బాగుంటుంది. ట్రయౌట్స్ అయ్యాక ఒక పెద్ద క్లబ్ ఈసీఎన్ఎల్ (దేశవ్యాప్త క్లబ్ సాకర్ లీగ్) యూ13 (పదమూడేళ్లలోపు) టీమ్‌లో చోటిస్తామని మెయిల్ పెట్టింది. సోమవారం రాత్రిలోగా డిపాజిట్ కట్టాలట. గ్రౌండ్ మా ఇంటికి 28 మైళ్లు. మంగళ, బుధ, గురువారాల్లో సాయంత్రం ఆరున్నరకు ప్రాక్టీస్. ఆ టైముకి టోల్‌వే మీద యాభై నిమిషాలు పడుతుంది, వాన పడితే ఇంకా ఎక్కువ.

ఇప్పుడున్న క్లబ్ ఇంటికి పది నిమిషాలు. అక్కడ ఈసీఎన్ఎల్ రీజనల్ లీగ్ (ఆర్‌ఎల్, దాని కింది మెట్టు) టీమ్‌లో కొనసాగమంటున్నారు. రెండింటికీ ఫీజు తేడా ఏడాదికి ఎనిమిది వందల డాలర్లే, కాబట్టి ఫీజు నాకు పెద్ద సమస్య కాదు. హ్యూస్టన్, శాన్ ఆంటోనియో ట్రిప్పులు, ఫీనిక్స్ లాంటి చోట్ల కాలేజీ కోచ్‌లు చూడటానికి వచ్చే షోకేస్‌లు, వాటి ఖర్చే భయపెడుతోంది. మా ఆవిడది హాస్పిటల్ డ్యూటీ. నేను వారంలో మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి. చిన్నోడు మూడో తరగతి.

అమ్మాయిని అడిగితే "మీ ఇష్టం నాన్నా" అంటోంది. ఆ మాటతో టెన్షన్ ఇంకా పెరిగింది. ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

---

ప్లేనో_పెద్దక్క · శనివారం రాత్రి

తమ్ముడూ, నేను మా అమ్మాయి టీమ్‌కు మేనేజర్‌గా చేశాను. బడ్జెట్ షీట్లు నా చేతి మీదుగానే వెళ్లేవి. మీరు భయపడాల్సింది హ్యూస్టన్‌కు కాదు. లెక్క చూడండి.

కారు వాడకానికి 2025కి ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) రేటు మైలుకు 70 సెంట్లు. అందులో పెట్రోలు, టైర్లు, ఇన్సూరెన్స్, కారు అరుగుదల అన్నీ వస్తాయి. మెకిన్నీ నుంచి హ్యూస్టన్ 270 మైళ్ల చుట్టూ ఉంటుంది. పోను రాను 540 మైళ్లు, అంటే 378 డాలర్లు. ఏడాదికి అలాంటి బయటి ఊరి వీకెండ్లు నాలుగు అనుకోండి. హోటల్, తిండి కలిపినా మూడు వేల డాలర్ల చుట్టూ తిరుగుతుంది. డాలస్ చుట్టూనే ఇన్ని క్లబ్బులు ఉన్నాయి కాబట్టి సగం మ్యాచ్‌లు మన ఊళ్లోనే అవుతాయి.

ఇక ప్రాక్టీస్ సంగతి. పోను రాను 56 మైళ్లు, వారానికి మూడుసార్లు, అంటే 168. ఏడాదికి నలభై వారాలు వేసుకుంటే 6,720 మైళ్లు. అదే రేటున 4,704 డాలర్లు, టోల్‌ట్యాగ్ బిల్లు కాకుండానే. దారిలో కూర్చునే సమయం 200 గంటలు. అంటే ఆఫీసు లెక్కలో ఐదు వారాల పని.

ఈ ఖర్చు ఏ ఆఫర్ లెటర్‌లోనూ కనిపించదు. ఫ్లైట్ టికెట్ కొన్నప్పుడు అందరికీ నొప్పి తెలుస్తుంది. మంగళవారం సాయంత్రాలు నెమ్మదిగా తినేస్తాయి కాబట్టి ఎవరూ లెక్క రాయరు.

ఇంకో రెండు ముక్కలు. క్లబ్ ఫీజు వేరు, టీమ్ ఫీజు వేరు. కోచ్ ఫ్లైట్, కోచ్ హోటల్, టోర్నమెంట్ ఎంట్రీ, మ్యాచ్ రికార్డు చేసే కెమెరా చందా, ఇవన్నీ టీమ్ ఫీజులో తల్లిదండ్రుల మీదే పంచుతారు. పోయిన ఏడాది టీమ్ ఫీజు ఎంత వచ్చిందో ఆ టీమ్ మేనేజర్‌ని అడగండి, చెప్తారు. రెండోది, సంతకం పెట్టాక మధ్యలో మానేసినా చాలా క్లబ్బులు ఏడాది ఫీజు మొత్తం వసూలు చేస్తాయి. డిపాజిట్ కట్టేముందు ఆ పేరా రెండుసార్లు చదవండి. బయటి టోర్నమెంట్లలో హోటల్ కూడా వాళ్లు చెప్పిన సైట్‌లోనే బుక్ చేయాలి. మన పాయింట్లు, బంధువుల ఇళ్లు పనికిరావు.

---

కమ్మింగ్_కిట్టు (జార్జియా) · ఆదివారం ఉదయం

పెద్దక్క లెక్క కరెక్టే, కానీ లెక్కలతోనే నిర్ణయించేస్తే ఎవరూ ఏ ఆటా ఆడరు. అన్నా, తీసుకోండి.

యూ13లో ఎంటర్ అవడం సులువు. అప్పుడే తొమ్మిదిమంది ఆట నుంచి పదకొండుమంది ఆటకు మారతారు, రోస్టర్లు (టీమ్ జాబితాలు) పెరుగుతాయి, కొత్తవాళ్లకు చోటుంటుంది. యూ15కి వచ్చేసరికి తలుపులు దాదాపు మూసేస్తారు. అప్పుడు ఒక పిల్ల చేరాలంటే రెండేళ్లుగా ఆడుతున్న ఇంకో పిల్లను కోచ్ తీసేయాలి.

పైగా ఈ ఏడాది ప్రత్యేకం. 2026-27 నుంచి వయసు లెక్క ఆగస్టు 1 నుంచి జులై 31కి మారుతోంది కదా. పాత లెక్కలో మీ అమ్మాయి 2013 పిల్లలందరితో కలిసి యూ14కి వెళ్లాలి. కొత్త లెక్కలో తన క్లాసు పిల్లలతో యూ13లోనే ఉంటుంది. ఆగస్టు నుంచి డిసెంబర్ మధ్య పుట్టినవాళ్లందరూ ఒక మెట్టు వెనక్కి వస్తారు. ఇన్నాళ్లూ గ్రూపులో అందరికంటే చిన్నదిగా ఆడిన పిల్ల ఇప్పుడు పెద్దవాళ్లలో ఒకతె అవుతుంది. కోచ్‌లు ఈ పిల్లల కోసం చూస్తున్నారు. ఈ గాలి మళ్లీ రాదు.

మాకు నాష్‌విల్ 250 మైళ్లు, బర్మింగ్‌హామ్ 180 పైనే. వెళ్తున్నాం, వస్తున్నాం. కారులో మా అమ్మాయి నాతో మాట్లాడినంత ఇంట్లో మాట్లాడదు.

---

సమామిష్_సుబ్బు (వాషింగ్టన్) · ఆదివారం ఉదయం

డాలస్‌వాళ్లు ప్రయాణం గురించి బాధపడుతుంటే మాకు నవ్వొస్తుంది. మా కాన్ఫరెన్స్‌లో పోర్ట్‌లాండ్ ఉంది, ఐడహోలో బోయిసీ ఉంది. సియాటిల్ నుంచి బోయిసీ 500 మైళ్లు. చలికాలంలో మధ్యలో కొండదారి మూసేస్తే కథ అయిపోయినట్టే, అందుకే ఫ్లైట్. మీకు షోకేస్‌కు వెళ్తేనే ఫ్లైట్. మాకు మామూలు లీగ్ మ్యాచ్‌కీ ఫ్లైటే.

ఇదంతా ఎలా మొదలైందో కొత్తవాళ్లకు తెలియకపోవచ్చు. ఈసీఎన్ఎల్ 2009లో పుట్టింది. అమ్మాయిలకు దేశవ్యాప్తంగా ఒక లీగ్ కావాలని క్లబ్బులే పెట్టుకున్నాయి. 2017లో యూఎస్ సాకర్ ఫెడరేషన్ సొంతంగా గర్ల్స్ డెవలప్‌మెంట్ అకాడమీ మొదలుపెట్టింది. అందులో ఉన్నవాళ్లు హైస్కూల్ టీమ్‌కు ఆడకూడదన్న నియమం పెట్టింది. ఎన్నో ఇళ్లలో గొడవలయ్యాయి. చివరికి 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ సమయంలో, దాన్ని మూసేశారు. మిగిలిన క్లబ్బులు కొన్ని ఈసీఎన్ఎల్‌కు వచ్చాయి, కొన్ని కలిసి గర్ల్స్ అకాడమీ పెట్టుకున్నాయి.  మా పెద్దమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. క్లబ్ మారలేదు, కోచ్ మారలేదు, చొక్కా మీద బ్యాడ్జ్ మాత్రం మారింది.

కాబట్టి లీగ్ పేరును నేను పెద్దగా పట్టించుకోను. అది పై నుంచి ఎప్పుడైనా మారుతుంది. మారనిది మన ఇంటి నుంచి గ్రౌండ్‌కు ఉన్న దూరం.

ఇంకోటి, చిన్నోడి గురించి ఎవరూ మాట్లాడలేదు. మా చిన్నమ్మాయి బాల్యం సగం గ్రౌండ్ల పక్కన మడత కుర్చీలో గడిచింది. ఆదివారం మనబడి (తెలుగు బడి) క్లాసులు ఎన్ని పోయాయో. దాని పుట్టినరోజు ఒకటి బోయిసీ హోటల్ లాబీలో చేశాం. అది ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

---

529_రావు (హ్యూస్టన్) · ఆదివారం మధ్యాహ్నం

అందరూ మనసులో అనుకుని బయటకు అననిది నేను అంటాను. స్కాలర్‌షిప్.

ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ సర్వే ప్రకారం 2024లో అమెరికాలో ఒక కుటుంబం పిల్లల ముఖ్యమైన ఆట మీద సగటున పెట్టింది 1,016 డాలర్లు. 2019 కంటే 46 శాతం ఎక్కువ. మన థ్రెడ్‌లో వాళ్లు దానికి ఎన్ని రెట్లు పెడుతున్నారో మీరే చూసుకోండి.

కాలేజీ ఆటలో పై మెట్టు డివిజన్ 1లో ఇన్నాళ్లూ ఒక విమెన్స్ సాకర్ టీమ్‌కు 14 స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది. ఆ పద్నాలుగునే ముక్కలు చేసి పాతిక ముప్పైమందికి పంచేవాళ్లు. 2025లో కోర్టు సెటిల్‌మెంట్ వచ్చాక, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయింది, బదులుగా టీమ్‌లో 28 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. కాగితం మీద 28 మందికీ పూర్తిగా ఇవ్వొచ్చు. ఇస్తారా అన్నది ఆ కాలేజీ బడ్జెట్‌ని బట్టి, సాకర్‌కు అంత డబ్బు పెట్టేవి తక్కువ. పైగా ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారే ఆటగాళ్ల జాబితా) నుంచి ఇరవై ఒక్కేళ్ల పిల్లలను తెచ్చుకుంటున్నారు. హైస్కూల్ పిల్లలకు ఆ మేరకు చోటు తగ్గింది. హైస్కూల్‌లో సాకర్ ఆడే అమ్మాయిల్లో డివిజన్ 1 దాకా వెళ్లేది వందకు ఇద్దరు ముగ్గురు.

పెద్దక్క చెప్పిన అదనపు ఖర్చు ఏడాదికి ఆరు వేలు అనుకుని 529 (కాలేజీ చదువు పొదుపు) ఖాతాలో వేయండి. ఏటా ఆరు శాతం పెరిగితే ఆరేళ్లకు దాదాపు 42 వేలు. దానికి కాళ్లు నొప్పి పెట్టవు.

ఇంకో మాట టెక్సాస్ వాళ్లకు. 2026 ఫాల్ నుంచి యూటీ ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అడ్మిషన్ క్లాసులో మొదటి 5 శాతానికే. అంతకుముందు 6 ఉండేది. హైస్కూల్‌లో శుక్రవారాలు ఎగ్గొట్టి ఫ్లైట్లు ఎక్కితే ఆ ర్యాంక్ ఏమవుతుందో చూసుకోండి. మెకిన్నీ, ఫ్రిస్కో స్కూళ్లలో ఒక్క బి వస్తే ఎంత కింద పడతారో మీకు నేను చెప్పక్కర్లేదు.

---

కమ్మింగ్_కిట్టు · ఆదివారం మధ్యాహ్నం

రావుగారూ, ప్రతి పైసాకూ వడ్డీ లెక్కేస్తే పిల్లకు పియానో కూడా నేర్పించలేం. స్కాలర్‌షిప్ కోసం ఆడించేవాళ్లు మూర్ఖులని ఒప్పుకుంటాను. ఆటలో తనతో సమానమైన వాళ్ల మధ్య ఉండాలని పిల్లకు ఉంటుంది కదా? బలహీనమైన టీమ్‌లో ఆరు గోల్స్ కొట్టి ఏం నేర్చుకుంటుంది?

---

గోదారి_ఇన్_ఎడిసన్ (న్యూజెర్సీ) · ఆదివారం సాయంత్రం

కిట్టూ, ఆ ప్రశ్న సరైనదే, కానీ జవాబు ఊరిని బట్టి మారుతుంది. న్యూజెర్సీలో గంటన్నర దూరంలో ఎన్ని మంచి టీమ్‌లు ఉన్నాయంటే ఈడీపీ లాంటి ప్రాంతీయ లీగ్‌లోనే పిల్లకు చెమటలు పడతాయి. ఫ్లైట్ ఎక్కకుండానే గట్టి పోటీ దొరుకుతుంది. సుబ్బుగారి ఊళ్లో అది దొరకదు, ఆయనకు వేరే దారి లేదు. డాలస్ ఈ విషయంలో మా లాంటిదే. అక్కడ ఉత్తర టెక్సాస్ ఆర్‌ఎల్ మ్యాచ్‌లు ఊళ్లోనే అవుతాయి, బలహీనమైన లీగ్ కాదు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి దాకా ప్రాంతీయ లీగ్‌లోనే ఆడింది. తర్వాతే పెద్ద లీగ్‌కు మారింది. కిట్టు అన్నట్టు తలుపు ఇరుకే. డిఫెండర్ కాబట్టి దొరికింది, వింగర్ అయితే దొరికేది కాదేమో. ఇప్పుడు డివిజన్ 3 కాలేజీలో ఆడుతోంది.

డివిజన్ 3 గురించి మన వాళ్లకు సరిగా తెలియదు. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. అది వినగానే "అయితే దండగ" అంటారు. కానీ జాన్స్ హాప్‌కిన్స్, ఎమరీ, యూషికాగో, ఎంఐటీ, కార్నెగీ మెలన్ అన్నీ డివిజన్ 3. హాప్‌కిన్స్ 2022లో డివిజన్ 3 విమెన్స్ చాంపియన్ కూడా. మార్కులు బాగుండి, కోచ్‌కు పిల్ల కావాలనిపిస్తే అడ్మిషన్ ఆఫీసులో ఆ మాటకు విలువ ఉంటుంది. మన ఇళ్లలో ఏ కాలేజీల కోసం పిల్లల్ని రుద్దుతామో అవే ఇవి. అక్కడి కోచ్‌లు చాలావరకు సొంత క్యాంపుల్లో పిల్లల్ని చూసుకుంటారు. మేము మూడు కాలేజీల క్యాంపులకు పెట్టిన డబ్బు ఒక్క షోకేస్ ట్రిప్ కంటే తక్కువ.

ఇక డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి అయ్యాక జూన్ 15 దాకా పిల్లకు మెయిల్ కూడా రాయకూడదు. మెకిన్నీ నాన్నగారూ, మీ అమ్మాయికి ఆ తేదీ 2030లో వస్తుంది. ఏడో తరగతి పిల్లను ఫీనిక్స్ తీసుకెళ్తే అక్కడి కోచ్ చూసేది పదకొండో తరగతి ఆట జరిగే గ్రౌండ్‌ని. దూరపు కొండలు నునుపు అన్నట్టు, ఈ వయసులో షోకేస్ ఫొటోల్లోనే బాగుంటుంది.

---

నంబర్_పదకొండు · ఆదివారం రాత్రి

నమస్తే అండీ. మా అమ్మ ఈ థ్రెడ్ పంపింది. నా తెలుగు మనబడి తెలుగు, తప్పులుంటే క్షమించండి. ఈసీఎన్ఎల్‌లో యూ13 నుంచి యూ19 వరకు ఆడాను. ఇప్పుడు కాలేజీలో క్లబ్ టీమ్‌లో, సరదాగా ఆడుతున్నాను.

నాకు మంచివి చాలా వచ్చాయి. నా బెస్ట్ ఫ్రెండ్స్ ఆ టీమ్ వాళ్లే. నాకంటే స్పీడ్‌గా ఉన్న అమ్మాయిలతో రోజూ ఆడితే మనం మారిపోతాం, అది నిజం.

కానీ యూ14లో ఒక సీజన్ మొత్తం బెంచ్. ఫ్లైట్ ఎక్కి వెళ్లి రెండో హాఫ్‌లో పన్నెండు నిమిషాలు ఆడేదాన్ని. నాన్న ఏమీ అనేవారు కాదు. కానీ ఆయన సెలవు పెట్టి వచ్చారని, అమ్మ హోటల్‌లో రైస్ కుక్కర్‌లో పప్పన్నం వండిందని నాకు తెలుసు. గ్రౌండ్‌లోకి వెళ్లినప్పుడు ఆ డబ్బంతా నా కాళ్ల మీద ఉన్నట్టు అనిపించేది. బాల్ వస్తే భయం. వింగర్‌కు భయం ఉంటే ఇంక డ్రిబుల్ చేయలేదు, వెనక్కి పాస్ ఇస్తుంది.

అంకుల్, మీ అమ్మాయి "మీ ఇష్టం" అంటే తనకు ఇష్టం లేదని కాదు. ఖర్చు గురించి మీరు ఇంట్లో మాట్లాడుకోవడం వినే ఉంటుంది. డబ్బు మాట తీసేసి అడగండి. "ప్రాక్టీస్ అయ్యాక రాత్రి తొమ్మిదింటికి కారులో హోంవర్క్ చేయాలి, ఓకేనా?" అని అడిగితే నిజం చెప్తుంది.

---

కోచ్_బాబాయ్ (ఫ్రిస్కో) · ఆదివారం రాత్రి

పై పోస్ట్ ప్రింట్ తీసి ప్రతి క్లబ్ గోడకూ అంటించాలి. అమ్మా, నీ తెలుగు మాకంటే బాగుంది.

నేను రిక్రియేషన్ పిల్లలకు కోచింగ్ చేస్తాను, హైదరాబాద్‌లో కాలేజీ రోజుల్లో ఆడాను. రెండు విషయాలు చెప్తాను.

ఒకటి ఆట నిమిషాలు. పన్నెండేళ్ల వయసులో పిల్ల ఎదిగేది మ్యాచ్‌లో తప్పులు చేస్తూ. ఆ కోచ్‌ని మూడు అడగండి. రోస్టర్‌లో ఎంతమంది? లెఫ్ట్ వింగ్‌కు ఇప్పటికే ఎవరున్నారు? మ్యాచ్‌లో కనీసం సగం ఆడిస్తారా? మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే అదే జవాబు. చాలా టీమ్‌లలో ఇరవై మందికి పైగా ఉంటారు. పదకొండుమంది ఆడతారు, మిగిలినవాళ్ల ఫీజులతో క్లబ్ నడుస్తుంది. మాట కటువుగా ఉందని తెలుసు.

రెండు, మోకాలు. ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) గాయం అమ్మాయిలకు అబ్బాయిల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. పన్నెండు, పదమూడేళ్లు దాటి ఒళ్లు పెరిగే వయసులో రిస్క్ ఎక్కువవుతుంది. నాలుగు గంటలు కారులో ముడుచుకు కూర్చుని దిగి, పది నిమిషాల్లో స్ప్రింట్‌లు కొట్టించే టీమ్‌లను నేను కళ్లారా చూశాను. ఫీఫా 11+ అనే వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు పడుతుంది, గాయాలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది, పైసా ఖర్చు లేదు. ఆ క్లబ్‌లో అది చేయిస్తారేమో వెళ్లి చూడండి. నా లెక్కలో బ్యాడ్జ్ కంటే అది ముఖ్యం.

కిట్టుగారి మాటలో ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వింగర్‌కు తనను ఓడించే డిఫెండర్ కావాలి. అది ఆర్‌ఎల్‌లో దొరుకుతుందో లేదో ఒక మ్యాచ్ చూస్తే తెలిసిపోతుంది.

---

ఇందూరు_కుర్రాడు (నిజామాబాద్) · సోమవారం ఉదయం

ఇక్కడి నుంచి చదువుతుంటే కళ్లు తిరుగుతున్నాయి అన్నా. మా జిల్లా తండా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య ఇండియా టీమ్‌కు ఆడింది, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు కూడా వెళ్లింది. ఆమె కుటుంబానికి ఇన్ని వేల డాలర్లు ఎక్కడివి? అమెరికాలో ఆట నేర్చుకోవడానికి తల్లిదండ్రులే ఎందుకు కట్టాలి, క్లబ్బులకు డబ్బు ఎక్కడి నుంచీ రాదా?

---

సమామిష్_సుబ్బు · సోమవారం ఉదయం

తమ్ముడూ, మంచి ప్రశ్న. యూరప్‌లో ఒక క్లబ్ చిన్న వయసులో తీర్చిదిద్దిన ఆటగాడు పెద్ద క్లబ్‌కు అమ్ముడైతే ఆ డబ్బులో కొంత మొదటి క్లబ్‌కు వస్తుంది. అందుకే పేద పిల్లను కూడా ఊరికే తీసుకుని నేర్పిస్తారు. ఇక్కడ ఆ డబ్బు పిల్లల క్లబ్బులకు అందే పద్ధతి సరిగా నిలబడలేదు. పైగా అమ్మాయిల ఆటలో పై మెట్టు కాలేజీ, కాలేజీ క్లబ్‌కు ఏమీ ఇవ్వదు. గ్రౌండ్ అద్దె, కోచ్ జీతం, రిఫరీ డబ్బులు అన్నీ మన జేబులోంచే. ఫైనాన్షియల్ ఎయిడ్ చాలా క్లబ్బులు ఇస్తాయి, అడిగితే. అయితే అది క్లబ్ ఫీజుకే, హోటళ్లకు, ఫ్లైట్లకు కాదు. ఎయిడ్ తీసుకున్న పిల్ల సగం ట్రిప్పులకు రాలేక, రాలేదని చోటు పోగొట్టుకోవడం మా టీమ్‌లోనే చూశాను.

ఇక్కడ సౌమ్య పుట్టి ఉంటే ఎవరికీ కనిపించేది కాదేమో. ఆ మాట రాయడానికి బాధగానే ఉంది.

---

హెచ్4_అమ్మ (ఆర్కాన్సా) · సోమవారం మధ్యాహ్నం

మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. మేం హెచ్1బీ, పిల్ల హెచ్4. గ్రీన్ కార్డ్ ఎప్పటికో. ఇలాంటివాళ్లకు కాలేజీ ఆట వల్ల ఏమైనా ఉందా?

---

529_రావు · సోమవారం మధ్యాహ్నం

ఉందమ్మా. కాలేజీ ఇచ్చే అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌కు వీసా అడ్డు కాదు, వేరే దేశాల పిల్లలు ఎందరో తీసుకుంటున్నారు. ఫెడరల్ సహాయం మాత్రం హెచ్4 వాళ్లకు రాదు, కాబట్టి కాలేజీ సొంత డబ్బు ఇచ్చే చోట్లు చూసుకోవాలి. 21 నిండితే హెచ్4 పోతుంది, ఎఫ్1కి మారాలి. ఎఫ్1లో ఉన్నవాళ్లు బ్రాండ్ల నుంచి డబ్బు తీసుకుంటే వీసాకే ముప్పు, లాయర్‌ని అడక్కుండా వేలు పెట్టొద్దు. అమెరికా జాతీయ టీమ్‌కు ఆడాలంటే పౌరసత్వం కావాలి.

మీ విషయంలో 529 గురించి తొందరపడి చెప్పను. తిరిగి ఇండియా వెళ్లాల్సి వస్తే ఆ లెక్కే వేరు.

---

మెకిన్నీ_నాన్న · సోమవారం రాత్రి

అందరికీ థాంక్స్. ఇవాళ లంచ్ టైములో ఆ క్లబ్ కోచ్‌తో ఫోన్లో మాట్లాడాను. మర్యాదగా, ఓపిగ్గా మాట్లాడాడు. రోస్టర్ 21. లెఫ్ట్ వింగ్‌కు ఇద్దరున్నారు, వాళ్లిద్దరూ పోయిన ఏడాది నుంచి ఉన్నవాళ్లే. సగం ఆడిస్తారా అంటే "ఆ చోటు తనే సంపాదించుకోవాలి" అన్నాడు. తప్పు మాట అనను. వార్మప్ గురించి అడిగితే మాత్రం బాగా చెప్పాడు, వాళ్లు చేయిస్తారట.

కార్‌పూల్ కూడా చూశాను. ఆలెన్‌లో ఒక కుటుంబం ఉంది, కానీ వాళ్లమ్మాయి యూ15, ప్రాక్టీస్ వేరే టైము. కార్‌పూల్ కుదిరితే బహుశా వేరే నిర్ణయం తీసుకునేవాడిని. నిజం చెప్పాలంటే సగం డ్రైవ్ పంచుకునేవాళ్లు దొరికితే పెద్దక్క లెక్క మొత్తం మారిపోతుంది.

నంబర్ పదకొండు చెప్పినట్టే డబ్బు మాట లేకుండా అడిగాను. అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఆ టీమ్ బాగుంది నాన్నా, కానీ నేను ఆడతానో లేదో తెలియదు కదా" అంది. తర్వాత, బుధవారం తన కూచిపూడి క్లాస్ పోతుందా అని అడిగింది. అది నా షీట్‌లో లేనే లేదు.

డిపాజిట్ కట్టలేదు. ఈ ఏడాది ఆర్‌ఎల్‌లోనే. మిగిలే డబ్బులో కొంత వారానికి ఒకరోజు వింగర్లకు విడిగా నేర్పే కోచ్‌కు పెడదామనుకుంటున్నాం, అది కూడా ఇంటి దగ్గరే. రావుగారూ, కొంత 529కీ వెళ్తుంది, సంతోషమేనా?

---

కమ్మింగ్_కిట్టు · సోమవారం రాత్రి

నేనైతే కట్టేవాడిని అన్నా, ఇప్పటికీ అదే అంటాను. అయినా మీ పిల్ల, మీ టోల్‌వే. ఒక్కటి మాత్రం చేయండి. ఆ కోచ్‌కు ఫోన్ చేసి ఊరుకోకుండా మర్యాదగా మెయిల్ కూడా పెట్టండి, వచ్చే ఏడాది ట్రయౌట్స్‌కు వస్తామని. ఆ ఇద్దరు లెఫ్ట్ వింగర్లలో ఒకరు మారిపోతారు, మారకుండా ఉన్న టీమ్‌ను నేను చూడలేదు.

---

ప్లేనో_పెద్దక్క · సోమవారం రాత్రి

మెయిల్ అమ్మాయి చేత రాయించు తమ్ముడూ. పన్నెండేళ్లొచ్చాయి, రాయగలదు. కోచ్‌లకు అది గుర్తుంటుంది. అలాగే ఆలెన్ వాళ్ల నంబర్ పారేయకు. వాళ్ల పెద్దపిల్ల యూ17కి వెళ్లేసరికి చిన్నపిల్ల యూ13కి వస్తుందేమో కనుక్కో, ప్రాక్టీస్ టైములు అప్పుడు కలవొచ్చు.

---

మెకిన్నీ_నాన్న · సోమవారం రాత్రి

కనుక్కున్నాను అక్కా, వాళ్లకు చిన్నపిల్ల లేదు. చిన్నోడు ఉన్నాడట, క్రికెట్ ఆడతాడు.